ఎనిమిదో రాయి, తొమ్మిదో రాయి

దేహ్రాదూన్,
9 అక్టోబరు 1986

మామయ్యా,

ఈ ఉత్తరం కన్నా ముందే జకర్యా అన్న మన తలుపు తట్టి ఉంటాడు. సెలవు మీద బొల్లారం వస్తున్నాడు. ఆయన ట్రంకు పెట్టె అడుగున, రగ్గు కింద, పదకొండు రాళ్ళు పెట్టాను. "ఏంది చెల్లే, మిలిటరోని తోటి రాళ్ళు మోయిస్తవా" అని నవ్వాడు.

అవి నువ్వే కోయాలి. ఇక్కడ రాళ్ళను అరగదీసి మైక్రోస్కోపుకు స్లైడులు చేసే ఆయన రిటైరయ్యాడు. కొత్తాయన చేసినవి మందంగా వస్తున్నాయి, కొన్ని పగిలిపోయాయి. చెడగొట్టుకోవడానికి నా దగ్గర రెండో ముక్క లేదు. లడఖ్ కొండల్లోంచి గుడారాలు, సామాను పోగా కంచర గాడిద మోయగలిగినంతే తెచ్చాం. నంబరుకు ఒక్కటే రాయి, పిడికిలంత. బయటి తోలు అన్నిటికీ ఒకటే గోధుమ రంగు. చూసి గుర్తుపట్టలేం. నంబరే వాటి పేరు.

ముప్పై నాలుగేళ్ళు భూగర్భ శాఖ ఆఫీసులో రాళ్ళు కోశావు, ఒక్క సాహెబూ వాటి కథ చెప్పలేదని ఒకసారి అన్నావు. నేను చెప్తాను విను. వీటిని సర్పెంటినైట్ అంటారు. మీరు పాము రాయి అనేవాళ్ళే, అదే. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న నల్ల రాయి. పగుళ్ళలోంచి నీళ్ళు దిగి దాన్ని మెత్తగా, పచ్చగా మార్చేశాయి. నీళ్ళంటే తడి కాదు మామయ్యా. పిండితే రావు, ఎండలో పెడితే పోవు. రాతి కణంలోనే కట్టుబడి ఉంటాయి. వంద తులాల రాయిలో పన్నెండు పదమూడు తులాలు నీళ్ళే.

తరవాత ఆ సముద్రపు నేల ఇంకో నేల కిందికి మెల్లగా దిగిపోతుంది. దిగేకొద్దీ వేడి, బరువు. మొదట్లో పొలుసుల్లా ఉండే ఖనిజం మారి ఆకుల్లాంటిది వస్తుంది. ఆంటిగొరైట్ అంటారు. అది కూడా నీళ్ళను పట్టుకునే ఉంటుంది. ఇంకా దిగితే ఇక దాని వల్ల కాదు. నీళ్ళు వదిలేస్తుంది. ఆకులు పోయి, ఆలివిన్ అనే గాజు గింజలు మిగులుతాయి. వదిలిన నీళ్ళు పైకి ఎక్కి పైనున్న రాతిని కరిగిస్తాయి. ఒక్కోసారి భూమిని కదిలిస్తాయి కూడా అంటారు.

నా రాళ్ళలో ఒకటో నంబరు తక్కువ లోతుకు దిగింది, పదకొండోది అన్నిటికన్నా లోతుకు. ఏ నంబరు దగ్గర నీళ్ళు పోయాయో కనిపెట్టడమే నా మూడేళ్ళ చదువు.

కోయగా మిగిలిన ముక్కలు పారేయకు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రాసే ప్రతి ఉత్తరంలో బేగంపేట సంబంధం గురించే రాస్తుంది గానీ మోకాళ్ళ ఊసు ఎత్తదు.

నీ మేబెల్


బొల్లారం, సికింద్రాబాద్
2 నవంబరు 1986

చిరంజీవి మేబెలుకు మామయ్య నోవహు దీవించి రాసేది.

పెట్టె చేరింది. పదకొండూ ఉన్నాయి. జకర్యా టీ తాగి పోయాడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీళ్ళ సంగతి నాకు కొంచెం తెలుసు. పాత సాహెబు ఒకాయన ఈ రాతి పొడిని గాజు గొట్టంలో వేసి మంట మీద పెట్టి చూపించాడు. గొట్టం పై కొసన చెమట పట్టింది. బిందువులు కారాయి. ఎన్నేళ్ళుగానో ఎండిన రాయి అది. ఆ దినం నాకు భయమేసింది. ఎవరితోనూ అనలేదు.

మొదటి కోత అల్వాల్‌లో రామకృష్ణ దుకాణంలో వేయించాను. సమాధి రాళ్ళు చేస్తాడు. మన చర్చి వాళ్ళందరివీ అతనివే. "ఏంది నోవహన్నా, గింత చిన్న సమాధి ఎవరికి? ఇంట్ల ఎలుక సచ్చిందా?" అన్నాడు. నేను నవ్వాను. "వాక్యం సుత చెక్కమంటవా?" అన్నాడు. రంపం దగ్గర నేనే నిలబడ్డాను. తునకలను నంబరు వేసిన కాగితాల్లో చుట్టి డబ్బాలో పెట్టాను.

తక్కిన పని ఇంట్లోనే. ముక్కను గాజు పలక మీద నున్నగా రుద్ది, వేడి ప్లేటు మీద బంక కాచి, స్లైడు గాజుకు అంటించి, వెలుతురు దూరేదాకా అరగదీయాలి. నీకు తెలిసిందే. అంటించే ముందే స్లైడు గాజు మీద వజ్రపు ములికితో నంబరు గీస్తాను. ఒక రాయి ముగిసేదాకా ఇంకో రాయి ప్లేటు ఎక్కదు. అది నా పద్ధతి.

ఇప్పటికి నాలుగు అయ్యాయి. ఒకటి, రెండు సబ్బులా జారాయి. నాలుగో దాంట్లో నూలు పోగుల్లాంటివి ఉన్నాయి. కరెంటు తక్లీఫ్‌గా ఉంది. రోజుకు మూడు గంటలు తీస్తారు, ఏ మూడో చెప్పరు.

మీ అమ్మ తలుపు దగ్గర నిలబడి అంటుంది: "నిన్న బియ్యంల రాళ్ళు కానరాలె గని, బిడ్డకు రాళ్ళు కోస్తడంట. ముందుగాల కండ్లు చూపిచ్చుకో అన్నా." ఆలిస్ నోరు నీకు తెలుసు. ఈ పని అయ్యాక చూపించుకుంటానన్నాను. పట్టించుకోకు.

చలికి చెవులు కప్పుకో.

మామయ్య


దేహ్రాదూన్,
18 జనవరి 1987

మామయ్యా, బంగారు మామయ్యా,

నీ స్లైడులు క్రిస్మస్ కానుకలా వచ్చాయి. ఒక్కదానికి పగులు లేదు, ఒక్క బుడగ లేదు. మా గైడు సార్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే "ఇవి ఎవరు చేశారు?" అని అడిగారు.

అసలు సంగతి విను. ఒకటి నుంచి ఏడు దాకా అనుకున్నట్టే ఉన్నాయి. ముందు పొలుసులు, తరవాత ఆకులు, అన్నీ నీళ్ళున్న రాళ్ళే. ఎనిమిది పెట్టి చూస్తే ఆకులు మాయం. అన్నీ గాజు గింజలు, నీలం, గులాబీ, పసుపు రంగుల్లో మెరుస్తూ. నీళ్ళు ఇక్కడ పోయాయన్నమాట అనుకున్నాను. తొమ్మిది పెట్టాను. మళ్ళీ ఆకులు! నిండా ఆకులు. పది, పదకొండు మళ్ళీ గాజు.

అంటే ఎండిపోవాల్సిన గీత దాటాక కూడా తొమ్మిదో రాయి నీళ్ళు వదల్లేదు. పుస్తకాల్లో రాసినదానికంటే లోతుకు నీళ్ళు పోతున్నాయి. సార్ ఆ రోజు భోజనానికి వెళ్ళలేదు. ఏప్రిల్ మొదట్లో ఢిల్లీ సభలో దీని మీద పేపరు ఆయనే చదువుతారట, నా పేరు ముందు, తన పేరు వెనక. నా థీసిస్ అంతా ఇక ఈ రెండు రాళ్ళ మీదే.

ఇక్కడి సెమినార్‌లో చెప్పినప్పుడు ఒక పెద్దాయన లేచి, "అమ్మాయ్, స్లైడులు తారుమారయ్యాయేమో చూసుకున్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇవి మా మామయ్య చేశారు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన చేతిలో ఒక్క నంబరు తప్పలేదు. ఆయన స్లైడులు దేశమంతా ఉన్నాయి, వెతికి ఒక్క తప్పు చూపించండి" అన్నాను. ఆ పెద్దాయన కూర్చున్నారు. నువ్వు ఉంటే చూసేవాడివి.

థీసిస్ పుస్తకం మొదటి పేజీలో నీ పేరు వేస్తాను. వద్దనకు.

మేబెల్


బొల్లారం,
6 ఫిబ్రవరి 1987

చిరంజీవి మేబెలుకు మామయ్య రాసేది.

ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివి వినిపించాను. సంతోషించింది.

నా గురించి అంతమందిలో అట్లా అనకుండా ఉండాల్సింది.

ఎనిమిది, తొమ్మిది ఇంకొకసారి చూడు. ఆ పెద్దాయన ఊరికే అని ఉండడు. ఢిల్లీలో తొందరపడి చదవవద్దని మీ సార్‌కు చెప్పు. వీలైతే ఒకసారి ఇంటికి రా. వచ్చాక మాట్లాడుకుందాం. ఉత్తరంలో రాయడం నాకు చేతకాదు.

చర్చి పైకప్పుకు పెంకులు మారుస్తున్నారు. ఆదివారం ఎండలోనే కూర్చున్నాం. మొదటి పేజీలో పేరు వద్దు.

మామయ్య


దేహ్రాదూన్,
20 ఫిబ్రవరి 1987

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చానని చెప్తే నవ్వుతావేమో.

ఇది అమ్మ రాయించింది. నాకు తెలుసు. "వీలైతే ఇంటికి రా, మాట్లాడుకుందాం" అనే మాట నీది కాదు. అదే వారం అమ్మ కూడా రాసింది: "మీ మామకు కండ్లు మసకలు, ఒక్కసారి వచ్చి పో." పోయిన ఏడాది నన్ను రప్పించడానికి తన గుండె నొప్పి అంది. వచ్చి చూస్తే బేగంపేట వాళ్ళు సోఫాలో కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. ఈసారి నీ కళ్ళు. రేపు ఏముందో.

అమ్మ అంటే సరే. నువ్వు కూడా నా పని తప్పంటావనుకోలేదు. ఆ పెద్దాయన ఎవరో నీకు తెలియదు, నేనేం చూశానో నువ్వు చూడలేదు. అయినా ఆయన మాటే నిజమంటావా? ఆడపిల్ల కనిపెట్టింది కాబట్టి ఇంకోసారి చూసుకోవాలా?

ఎనిమిదీ తొమ్మిదీ వందసార్లు చూశాను. ఇక చూడను. థీసిస్ టైపుకు ఇచ్చేశాను.

మేబెల్


బొల్లారం,
3 మార్చి 1987

చిరంజీవి మేబెలుకు.

మీ అమ్మ నాతో ఏమీ రాయించలేదు. ఉన్నది రాస్తున్నాను.

నీ జనవరి ఉత్తరం చదివాక డబ్బా తీశాను. ఎనిమిదో కాగితంలోని తునక, తొమ్మిదో కాగితంలోని తునక గాజు పలక మీద రుద్దాను. ఎనిమిదిది మెత్తగా జారింది. తొమ్మిదిది ఇసుకలా గరగరలాడింది. నువ్వు రాసింది దానికి తిరగబడి ఉంది. చేతిని నమ్మలేదు. రెండూ దంచి, వేరువేరు గాజు గొట్టాల్లో పోసి, పంపు స్టవ్ గట్టిగా కొట్టి మంట మీద పెట్టాను. మీ అమ్మ వచ్చి "ఇల్లు కాలవెడతవా ఏంది" అన్నది. ఎనిమిది గొట్టానికి చెమట పట్టింది. తొమ్మిదికి పట్టలేదు. మీ అమ్మను పిలిచి "ఏ గొట్టం తడిగ ఉందో చెప్పు" అన్నాను. "గిది" అన్నది. అదీ ఎనిమిదే. ఎందుకని అడిగింది. చెప్పలేదు.

ఎట్లా అయిందో ఇప్పుడు తెలుసు. నవంబరు ఇరవై పొద్దున కరెంటు వచ్చిన గంటలో రెండు ముక్కలు ఒకేసారి ప్లేటు ఎక్కించాను. ముందెన్నడూ చేయలేదు. జకర్యా సెలవు అయిపోతుంది, అతనితోనే పంపాలని తొందరపడ్డాను. రెండు స్లైడు గాజులకూ నంబర్లు గీసి పెట్టుకున్నాను. ముక్కల వెనక సిరాతో వేసిన నంబర్లు బంక పొగకు మసకబారాయి. మసకబారింది నంబరా, నా కళ్ళా అని అప్పుడు ఆగి చూసుకోలేదు. పలచబడ్డాక భూతద్దంతో చూస్తే తెలిసేది. వేలితో తడిమి సరిపోయిందనుకున్నాను. రెండు కళ్ళలోనూ మోతిబిందు ఉంది, శుక్లాలంటారే అదే. నాకు రెండేళ్ళ నుంచి తెలుసు. నువ్వు రాళ్ళు వేరే వాళ్ళకు ఇస్తావని చెప్పలేదు.

నీ రాళ్ళలో వింత ఏమీ లేదు బిడ్డా. ఎనిమిది దాకా నీళ్ళు ఉన్నాయి. తొమ్మిది నుంచి లేవు. పుస్తకంలో ఉన్నట్టే.

ఈ ఉత్తరం మీ సార్‌కు చూపించు. తునకలు రిజిస్టరు పార్సెలులో పంపుతున్నాను. వేరే వాళ్ళతో కోయించు.

నోవహు

23 మార్చి. ఇది రాసి ఇరవై దినాలు బైబిల్‌లో పెట్టుకున్నాను. ఈ రోజు పోస్టు డబ్బాలో వేస్తున్నాను.


దేహ్రాదూన్,
11 ఏప్రిల్ 1987

గౌరవనీయులైన మామయ్యకు,

మీ ఉత్తరం మార్చి 31న వచ్చింది. సార్ 29న ఢిల్లీ వెళ్ళిపోయారు. ఫోను దొరకలేదు. టెలిగ్రాం ఇచ్చాను. ఆయన చేతికి అందేసరికి సభలో చదవడం అయిపోయింది. జపాను నుంచి వచ్చిన ఒకాయన చేయి కలిపి అభినందించారట.

తునకలు కోయించాను. మీరు రాసింది నిజమే.

మీ ఉత్తరం సార్‌కు చూపించలేదు. లడఖ్‌లో సంచుల మీద నంబర్లు వేసేటప్పుడు నేనే తారుమారు చేశానని చెప్పాను. ఆ సెమినార్‌లో అంతమంది ముందు మీ గురించి ఆ మాట అన్నాక, ఇంకేం చెప్పమంటారు? ఇక్కడ ఎవరికీ మీ మీద అనుమానం లేదు. మీ పేరు మీ దగ్గరే ఉంది.

సార్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఫీల్డులో నంబరు వేయడం రానివాళ్ళకు రాళ్ళు ఎలా ఇవ్వను?" అన్నారు. ఫెలోషిప్ జూన్ తరవాత పొడిగించరు. నా రాళ్ళు కొత్తగా చేరిన ఒక అబ్బాయికి ఇచ్చారు.

ఒక్కటే అడుగుతాను. ఆ గొట్టానికి చెమట పట్టింది ఫిబ్రవరిలో. అప్పుడు ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు కదా. "తారుమారు చేశాను" అని. రెండు మాటలు. "వచ్చాక మాట్లాడుకుందాం" అని రాసే బదులు.

మీ కళ్ళు నిజంగానే బాగాలేవని తెలిసి బాధపడ్డాను. ఆపరేషన్ చేయించుకోండి.

మేబెల్


బొల్లారం,
20 ఏప్రిల్ 1987

మేబెలుకు.

కార్డు ముక్కే దొరికింది. నిన్న ఈస్టర్. మీ అమ్మ తెల్లవారుజామున సమాధుల తోటకు పోయి ప్రార్థన చేసి వచ్చింది. నేను పోలేదు.

నన్ను మీరు అని రాశావు. సరే.

ఆ తప్పు నాది. నువ్వు తీసుకోవద్దు. నాకు తిరిగి ఇచ్చేయి.

నోవహు


దేహ్రాదూన్,
9 మే 1987

మామయ్యా,

నువ్వు వచ్చి వెళ్ళావని నాకు నిన్న తెలిసింది. మా ఆఫీసు ప్యూన్ చెప్పాడు. పోయిన సోమవారం ఒక ముసలాయన, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో బట్ట సంచితో, పది గంటల నుంచి సార్ గది బయట బల్ల మీద కూర్చున్నాడట. ఎవరు కావాలంటే సార్ అన్నాడట, పనేమిటంటే తల అడ్డంగా ఊపాడట. నీళ్ళిస్తే తాగాడట. నాలుగున్నరకు సార్ బయటికి వచ్చినప్పుడు లేచి, చేతులు జోడించి, "గల్తీ మేరా హై సాబ్, బచ్చీ కా నై" అన్నాడట, తప్పు తనదే, పిల్లది కాదని. ప్యూన్ నీ యాస చేసి చూపించాడు. నవ్వించాలనే చేశాడు పాపం. నేను గోడ వైపు తిరిగాను.

సార్ ఈ రోజు పిలిచారు. నువ్వు ఆయనకు అంతా చెప్పావు. రెండు ముక్కలు ప్లేటు మీద ఎలా పెట్టావో బల్ల మీద వేళ్ళతో చూపించావట. నీ గురించి ఆయన ఒక్క చెడ్డ మాట అనలేదు. "అలాంటి చేయి ఇక దొరకదు" అన్నారు.

తరవాత నన్ను అడిగారు. "నీ తప్పు కానిదాన్ని నీదని నాతో ఎందుకు చెప్పావు? పొరపాటు అయితే దిద్దుకోవచ్చు. నా ముందు నిలబడి అబద్ధం చెప్పిన మనిషి రేపు ఏ అంకె తెచ్చినా నేను ఎలా నమ్మను?" అన్నారు. ఫెలోషిప్ జూన్ దాకా కూడా లేదు ఇక. ఈ నెలాఖరుకు గది ఖాళీ చేయాలి.

నీ మీద కోపం లేదు. నువ్వు నన్ను కాపాడాలని వచ్చావు. నేను నిన్ను కాపాడాలనే అలా చెప్పాను. ఇద్దరం ఒకరికొకరు చెప్పుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. ఏప్రిల్‌లో రాసిన ఆ ఉత్తరం చించెయ్యి మామయ్యా. మీరు, మీరు అని రాశాను.

ముస్సోరీ కొండ మీద ఒక స్కూల్లో సైన్సు చెప్పే పని ఉందన్నారు. జూలైలో చేరతాను. అమ్మకు నేనే రాస్తాను. ఆ రాత్రి ఎక్కడ పడుకున్నావు? ఏం తిన్నావు? రెండు రాత్రులు రైల్లో ఆ కళ్ళతో ఒక్కడివే ఎలా వచ్చావు?

నేను ఆ సోమవారం ఆఫీసుకు రాలేదు గానీ ఇక్కడే, హాస్టల్లోనే ఉన్నాను. మంగళవారం కూడా. హాస్టలు ఆఫీసు నుంచి పది నిమిషాల దూరం. ఇంత దూరం వచ్చి నన్ను ఎందుకు చూడకుండా వెళ్ళావు?

నీ మేబెల్


బొల్లారం,
22 మే 1987

చిరంజీవి మేబెలుకు మామయ్య రాసేది.

నీ ఉత్తరం ఆలిస్ చదివి వినిపించింది. మధ్యలో ఆగింది. "నువ్వు పోయి బిడ్డ కొంప ముంచినవు అన్నా" అన్నది. తరవాత "నువ్వు పోకున్నా మునిగేదేలే" అన్నది. అన్నం పెట్టింది.

నేను పోయింది తప్పయిందేమో నాకు తెలియదు. ఇంట్లో కూర్చోలేకపోయాను.

మీ సార్ మంచి మనిషి. కుర్చీ ఇచ్చారు. కూర్చోలేదు. ఆ రాత్రి స్టేషన్లో పడుకున్నాను. అరటిపళ్ళు తిన్నాను. ఆపరేషన్ వచ్చే నెల. ఆలిస్ తేదీ రాయించింది. ఒక కన్ను ముందు.

ముస్సోరీలో చలి ఎక్కువ అని జకర్యా చెప్పాడు. పిల్లలకు సైన్సు చెప్పడం చిన్న పని కాదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. మంగళవారం పొద్దున ఏడు గంటలకు మీ హాస్టలుకు వచ్చాను. గేటుకు ఎదురుగా టీ బండి ఉంది. దాని పక్కన కూర్చున్నాను. లోపలికి పోయి పేరు చెప్పి అడగవచ్చు. అడగలేదు. నా సంగతి నీకు తెలుసు. బయటికి వస్తావు, చూసి లేస్తాను అనుకున్నాను.

ఎనిమిదిన్నరకు ఆడపిల్లలు వచ్చారు. ఇరవైమందో, ముప్పైమందో. గుంపుగా వచ్చారు, గలగలా మాట్లాడుకుంటూ. నా కళ్ళకు అందరూ ఒక్క తీరుగానే ఉన్నారు. రంగులు తెలిశాయి. మొహాలు తెలియలేదు. నిన్ను చూసి రెండేళ్ళు కాలేదు, నడక పట్టి అయినా గుర్తుపడతాననుకున్నాను. పట్టలేకపోయాను. పేరు పెట్టి పిలుద్దామని లేచి నిలబడ్డాను. అంతమంది తిరిగి చూస్తారని మళ్ళీ కూర్చున్నాను.

చివర ఒక అమ్మాయి ఆగింది. పసుపు చీరో, ఓణీయో. నా వైపు తిరిగి నిలబడ్డట్టు అనిపించింది. ఎవరో ముసలివాడు అనుకుని ఉంటుంది. నేను తల దించుకున్నాను. ఎత్తేసరికి గుంపు మలుపు తిరిగింది.

ఆ అమ్మాయి నువ్వే అయితే, ఆ సంగతి నాకు రాయకు.

మామయ్య